అన్నయ్య లాగిన అకార్డియన్

ఇదివరకు నేనేదీ రాసి ఎరగను. చదువు ఐదో తరగతితో సరి. ‘నేను’ అని రాయాలంటే సిగ్గేసి, ఆ మనిషిని టీకొట్టావిడ అనే రాస్తున్నాను.

టీకొట్టావిడకి ఒక అన్న. ఊరంతా కోతల మేస్త్రి అంటారు. వాళ్ళ నాన్న, తిత్తి లాగుతూ మూస్తూ వాయించే అకార్డియన్ మీద వాయించిన పాట ఒకటుంది, ఎక్కడా రాసిపెట్టింది కాదు. అన్నకి అది ఎప్పుడూ పట్టుబడలేదు. నాన్న పోయాక ఆవిడ నోట్లోనే మిగిలింది. ఈమధ్య అక్కడా నడిమి ముక్క జారిపోతోంది. పూర్తిగా పోకముందే కంప్యూటర్లో స్వరాలు రాసి, వాయించి, రికార్డు చేసిపెట్టమని అన్నని బతిమాలింది. పని అయిపోయిందంటూ ఓ సాయంత్రం ఆయన కొట్లో బెంచీ మీద సర్దుకు కూర్చున్నాడు.

“విను బావా,” అన్నాడు ఆవిడ మొగుడితో. ఆయన వ్యాను డ్రైవరు. “మొదలు మామూలే. చెల్లి కూనిరాగం తీసింది, నేను చుక్కలు పెట్టాను. కంప్యూటర్లో ఐదు గీతలుంటాయి, వాటి మీద పిట్టలు వాలినట్టు చుక్కలు పెట్టాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదు గీతలు చాల్లేదు! ఆరోది నేనే గీశాను. ‘అయ్యా, ఇలాంటి స్వరం నా పుట్టుకలో చూళ్ళేదు’ అంది కంప్యూటరు.”

“మాట్లాడిందా?”

“మాట్లాడక? సరే, మైకు పెట్టి తిత్తి లాగాను. ఒక్క లాగుడు! ఆ గాలికి కిటికీ తెరలు గదిలోకొచ్చాయి, తెరల వెనకాల ఎదురుమేడ మీద ఆరేసిన దుప్పట్లు, దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని మేడావిడా వచ్చేసింది. ‘ఎక్కడికొచ్చానండీ?’ అంటుంది. నాకు మాత్రం ఏం తెలుసు, కుర్చీ వేశాను. ఇంకోసారి లాగితే మబ్బు దూరి గదిలో వాన!”

“కంప్యూటరు తడవలేదా మేస్త్రీ?” అన్నాడు టీకొచ్చిన ఇస్త్రీ ఆయన.

“మేడావిడ గొడుగు పట్టింది.”

“రెండు చేతులా దుప్పటి పట్టుకొచ్చిన మనిషికి గొడుగెక్కడిది?”

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. “గొడుగు... మబ్బులో వచ్చిందిలే. అడ్డు తగలకయ్యా, తికమకైపోతోంది! తిత్తి అలా సాగి సాగి, ఎడంచెయ్యి గదిలో, కుడిచెయ్యి బస్టాండులో. పాటయ్యాక కుడిచెయ్యి బస్సెక్కి వచ్చింది.”

“టికెట్టెవరు కొన్నారు బావా?”

“చెయ్యే కదా, కొనుక్కోలేదా?”

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. “అన్నయ్యా, వినిపించవూ,” అంది మెల్లిగా.

ఆయన ఫోన్లో పెట్టాడు. పాట విప్పిన కుళాయిలా ఆగకుండా కారిపోయింది. ఆవిడకి అయోమయం. అన్నీ నాన్న స్వరాలే, నాన్న మాత్రం లేడు. మళ్ళీ పెట్టించుకుంది. అప్పుడు తట్టింది.

“నాన్న ఇక్కడ ఆగేవాడు. తిత్తి నిండా తెరుచుకున్నాక, మూసే ముందు.”

“అదా... కంప్యూటరు సాఫీ చేసింది.”

“మరి బస్టాండు దాకా లాగినవాడివి, ఒక్కసారీ మూయలేదా అన్నయ్యా?”

“దొరికావు బావా!” అన్నాడు డ్రైవరు.

మేస్త్రి ఖాళీ గ్లాసులోకి చూశాడు. “మీట నొక్కితే కంప్యూటరే వాయించేసింది. నేను అకార్డియన్ పెట్టె మూతే తియ్యలేదు. నాన్నలా రాదని భయమేసింది.”

మర్నాడు పొద్దున ఆవిడ కొట్టు తెరవలేదు. అన్న గదికెళ్ళి మైకు పక్కన బకెట్టు బోర్లించుకు కూర్చుంది. ఆవిడ కూనిరాగం తీస్తుంటే ఆయన తడబడుతూ వెంట వాయించాడు. నడిమి ముక్కలో నాన్న ఆగే చోటు వచ్చేసరికి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. నిండుగా తెరుచుకున్న తిత్తి అలాగే ఆగింది. ఆ తర్వాత చెయ్యి తీసింది.