ముత్తాలరేవు గుర్తులు

పోలీస్ యాక్షన్ అయి పది రోజులు. సికింద్రాబాద్ బోయిగూడలో ఇమాం వలి భార్య జైతున్ బీకి, పక్కింటి పంతులమ్మ కాంతమణి హడావిడిగా మూట కడుతోంది. కాంతమణిది కోస్తా, నోరు విప్పితే తన సముద్రం ఊసే.

"మళ్ళీ చెప్పు. బెజవాడలో దిగి?"

"కాల్వ పడవెక్కాలె. ముత్తాలరేవుల దిగాలె. అక్కా, ఆయనొచ్చి తలుపు కొడితే?"

"వస్తే నీ వెనకే పంపిస్తాగా. రేవులో ముందేం కనిపిస్తుంది?"

"చర్చి. మునిగిన ఓడ కొయ్యతోని చేసిన శిలువ. పదేండ్లసంది గదే ముచ్చట చెప్తివి, మర్చిపోతనా? ఉప్పెనొచ్చి ఒలందా దొరల కోఠీలు కొట్టుకపోయినయ్, గోరీలే మిగిలినయ్."

"గోరీలు దాటితే?"

"మస్తాన్ దర్గా. కొత్త వల దించేముందు అందరు ఆడ చక్కెర చదివిస్తరు."

"అందరూనే! మా నాన్న కూడా, ఆదివారం చర్చికెళ్ళొచ్చి మరీ. అక్కడ నిన్నెవరూ ఏమీ అనరు. దర్గా వెనకే మా అమ్మ సలోమి ఇల్లు."

"ఆయన డ్యూటీకని పోయి ఆరు దినాలాయె. ఇంకో రెండు దినాలు జూస్త."

"ఒంటరి ఆడదానివి, ఈ రోజుల్లో ఇక్కడెలా ఉంటావే? వెళ్ళమ్మా."

"ఆడ ఏం తినాలె? మీ అమ్మకు తక్లీఫ్ గాదా?"

"తిండికేం లోటు? ఇసకలో రాతి అరుగుంటుంది, దాని మీద కూర్చో. ఒడ్డుకొచ్చిన ప్రతి పడవా అక్కడ ఒక చేప పెట్టాకే అమ్మకానికి వెళ్తుంది. మా ఊరి కట్టుబాటు."

"ఎవరు గూసున్నా ఇస్తరా?"

"ఎవరికి పడితే వాళ్ళకి కాదు. మగాడు సముద్రం మీదికెళ్ళి తిరిగి రాని..."

"ఆపినవేంది?"

"ఏం లేదు. ఆ చీర ఇలా తే."

"అక్కా. మా ఆయన సముద్రంల పోలే. లాలాగూడకు పోయిండు."

"నోరు జారిందే. బండి వేళవుతోంది, లే."

"మీ ఆయన నన్ను జూస్తే తల దించుకుంటుండు. ఏం జూసిండు? చెప్పు."

"జైతూ..."

"ఎన్ని దినాలాయె?"

"నాలుగు. మా ఆయనే దగ్గరుండి మట్టి చేయించారు. చెబితే నువ్వు కదలవని... భయపడ్డానే తల్లీ."

"నాలుగు దినాలసంది రోజూ ఆయనకు అన్నమొండి మూతేసి పెడుతున్న. నిన్న ఉప్పు లేకుంటే, నువ్వే ఇచ్చినవ్ గదక్కా."