తండ్రి వేషం

వెల్డింగ్ షాపులో పని ఆపకుండానే తండ్రి కూతుర్ని దెప్పాడు.

"ఆ స్పానిష్ సాహిత్యం చదివి ఎవరితో మాట్లాడతావే, గోడలతోనా?"

"రేపు యూనివర్సిటీలో మా క్లాసువాళ్ళం స్పానిష్ నాటకం వేస్తున్నాం. నువ్వు రావాలి నాన్నా."

"ఒక్క ముక్క అర్థం కాదు. వచ్చి కునుకు తీయనా?"

"నాది తండ్రి వేషం. కూతురు ఏం చదివినా వెక్కిరిస్తూ, ఇల్లు దద్దరిల్లేలా అరుస్తాడు. ఎక్కడ నేర్చుకున్నావని మా మేడమ్ ఒకటే మెచ్చుకోలు."

"ఏం చెప్పావు?"

"ఇంట్లోనే అన్నాను."

మంట ఆగింది.

"చివరికి ఏమవుతాడు వాడు?"

"కూతురు వెళ్ళిపోతుంది. ఒక్కడే మిగులుతాడు."

"ఎన్నింటికే నీ నాటకం?"

"ఆరింటికి. వస్తావా?"

"ముందు వరసలో కుర్చీ పట్టుంచు. నా వేషం సరిగ్గా వెయ్యకపోయావో, అక్కడే లేచి అరుస్తాను."