పాత పికప్పులు

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద పొట్ట విప్పిన ఎలక్ట్రిక్ గిటార్, లోపల తీగల మోతను పట్టే పికప్పులు. గిటార్‌కి ఆంప్లిఫయర్, ఆంప్లిఫయర్‌కి హెడ్‌ఫోన్స్, ఆ హెడ్‌ఫోన్స్ తగిలించుకున్న మొగుడు, ఆయన నెత్తిన పెళ్ళాం. పొద్దున మొదలైన పని మధ్యాహ్నం మూడైనా అక్కడే ఉంది.

"అది కాదండీ, పొద్దున కాఫీ తాగి విప్పారు. ఇప్పుడు మళ్ళీ కాఫీ వేళైంది. ఇంతవరకూ ఒక్క వైరైనా కోశారా అని అడుగుతున్నాను."

"కోసెయ్యడానికి ఇదేమన్నా వంకాయా? ముందు పాత పికప్పులు ఎలా పలుకుతున్నాయో వినాలి. తర్వాత కొత్తవి బిగించి మళ్ళీ వినాలి. అప్పుడు గానీ తేడా తెలీదు."

"పాతవి ఎలా పలుకుతాయో పాతికేళ్ళుగా వింటూనే ఉన్నారుగా!"

"స్టేజీ మీద వినడం వేరు, ఇలా హెడ్‌ఫోన్స్‌లో వినడం వేరు. చెప్పినా నీకు అర్థం కాదులే."

"నాకెందుకు అర్థమవుతుంది? ఇన్నేళ్ళూ ఆ గిటార్ పక్కన నిలబడి పాడింది పక్కింటావిడ కదా!"

"అదిగో, ఎత్తిపొడుపులు. తిట్టాలంటే ఇలా దగ్గరికొచ్చి కూర్చుని తిట్టు."

"ముందు ఆ హెడ్‌ఫోన్స్ తీయండి. మనిషి మాట్లాడుతుంటే చెవులు మూసుకుని కూర్చోవడం ఏం మర్యాద?"

"తీస్తే టెస్టింగ్ ఎలా? నువ్వు చెప్పు. ప్రతి ముక్కా వింటున్నా."

"ఆ వాల్యూమేంటి, చివరికంటా తిప్పేశారు? చెవులు పోతాయి."

"టెస్టింగ్ అంటే అంతే."

"ఏం టెస్టింగో ఏమో. ఆరింటికి వ్యాన్ వస్తుంది. డ్రమ్స్ అబ్బాయి పొద్దుట్నుంచీ ఫోన్ మీద ఫోన్. 'వదినా, అన్నయ్య మార్చాడా, మార్చాడా' అని."

"నా గిటార్‌తో వాడికేం పని?"

"పనా? వాడి పరువు పోయింది కదండీ! ఆ కంపెనీ ఫంక్షన్‌లో మేనేజర్ గారు ఉపన్యాసం దంచుతుంటే, వీడు నా వైపు వంగి 'ఈ బట్టతల ఎప్పుడు ఆపుతుంది వదినా, ఆకలేస్తోంది' అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు పాపం. అది మీ గిటార్‌లో దూరి, మీ స్పీకర్‌లోంచి హాలంతా మోగింది."

"వాడు నా గిటార్ పక్కకొచ్చి ఎందుకు వాగాలి?"

"పక్కన వాగితే గిటార్ ఎందుకు పట్టాలి? అది గిటారా, మైకా?"

"పాతబడితే పికప్పులు అంతే. లోపల పోసిన మైనం ఎండిపోయి రాగితీగ చుట్టలు వదులైపోతాయి. అప్పుడు తీగ మోగినా పట్టేస్తాయి, మనిషి మాట్లాడినా పట్టేస్తాయి. అదో సున్నితత్వం."

"సున్నితత్వమట! ఆ సున్నితత్వానికి మేనేజర్ గారు మనందర్నీ భోజనం పెట్టకుండా పంపించేశారు."

"ఆకలన్నది వాడొక్కడు. పస్తు పడుకుంది ఆరుగురం. ఆ బాధ నాకు లేదనుకున్నావా?"

"బాధుంటే మార్చండి మరి. బ్యాండంతా కలిసి కొత్తవి తెచ్చి మీ చేతిలో పెట్టారు. పెట్టె మీద ఏం రాశాడో చూడండి. 'గాజులా స్వచ్ఛం, తేనెలా చిక్కన, గుండెల దాకా వెచ్చన.' ఇది గిటార్ సామానా, దగ్గు మందా?"

"వాటికి ప్రాణం ఉండదు. మూగవి. తీగ తప్ప ఇంకేం పట్టవు."

"అదేగా కావాల్సింది! ఏమండీ, నేను హాస్యానికి చెప్పట్లేదు. కీబోర్డ్ ఆయన తెగేసి చెప్పేశాడు. ఇవాళ కొత్త పికప్పులతో వస్తే సరే, లేదంటే మీ బదులు కొత్త కుర్రాడు ఎక్కుతాడట స్టేజీ."

"ఎవడు, ఆ జులపాలవాడా? వాడికి గిటార్ వాయించడం కంటే జుట్టు విదిలించడం బాగా వచ్చు."

"విదిలించడానికి జుట్టన్నా ఉంది."

"ఈ బ్యాండ్ పెట్టిందెవరు?"

"మీరే."

"పేరు పెట్టిందెవరు?"

"మీరే. రేపు ప్రేక్షకుల్లో కూర్చుని చప్పట్లు కొట్టేదీ మీరే, ఇలాగే నాన్చితే. ఏం, వైర్లు అతికించే ఆ సోల్డరింగ్ ఐరన్ కాగలేదా?"

"ఇంకా పూర్తిగా కాగలేదు."

"గంట నుంచి కాగుతోంది! బల్ల చివర చూడండి, మచ్చ పడింది."

"స్క్రూ ఒకటి కనపడట్లేదు."

"మీ చొక్కా జేబులో ఉంది."

"పికప్పులు ఎలా మార్చాలో చూపించే ఆ వీడియో ఇంకొక్కసారి చూసి..."

"ఎన్నిసార్లు చూస్తారు? ఆ వీడియోలో ఆయన మొత్తం పని పది నిమిషాల్లో ముగించాడు. అందులో సగం లైక్ కొట్టండి, లైక్ కొట్టండి అని బతిమాలుకోవడమే! మీకు ఇష్టం లేదు, అంతే. అసలు సంగతి నాకు తెలీదనుకోకండి."

"ఏం తెలుసు నీకు?"

"కొన్ని నెలలుగా చూస్తూనే ఉన్నా. వంటింట్లోంచి పిలిస్తే పలకరు. పక్కన కూర్చుని చెప్తే గోడకి చెప్పుకున్నట్టే."

"వంటింట్లోంచి గొణిగితే ఎవరికి వినపడుతుంది?"

"గొణగడమా? నేనా? నా పిలుపుకి కింద వాచ్‌మన్ పలుకుతున్నాడు, మీరు పలకరు! పోనీ నన్నొదిలెయ్యండి. మొన్న అమ్మాయి ఫోన్ చేసి అంతసేపు మాట్లాడితే 'ఊ, ఊ' తప్ప ఇంకో మాట లేదట. ఫోన్ పెట్టేసి ఏడ్చిందది. నాన్నకి నా మీద అంత కోపమా అని."

"ఏడ్చిందా? ఎందుకు?"

"ఎందుకేంటి? ఉద్యోగం మానేశాను నాన్నా అంటే 'ఊ, మంచిది, జాగ్రత్త' అన్నారట!"

"అది ఉద్యోగం మానేసిందా?"

"చూశారా! నేను చెప్తున్నది అదే! మీ ధ్యాస ఇంట్లో లేదు."

"అది కాదే... ఈ ఫోన్లు కూడా సరిగ్గా ఏడవట్లేదు. పిల్లలు మాటలు మింగేస్తారు..."

"అందరూ మింగేస్తారు, అందరూ గొణుగుతారు! టీవీలో వార్తలు చదివే అమ్మాయి గొణుగుతుంది, కాలింగ్ బెల్ గొణుగుతుంది. ఒక్క ఈ గిటార్ మాత్రం స్పష్టంగా మాట్లాడుతుంది మీతో! ఇది ఒళ్ళోకొస్తే చాలు, మనిషే మారిపోతారు. మాటకి మాట, వేళాకోళాలు. పొద్దుట్నుంచీ చూడండి, ఒక్క మాట పోనివ్వకుండా జవాబు చెప్తున్నారు. నాకు ఏడుపొస్తోంది తెలుసా? నాకంటే ఈ చెక్కముక్కే ఎక్కువైపోయింది మీకు."

"అలా అనకే. అదేం కాదు."

"మరేంటి?"

"ఏం లేదు. కొంచెం ఇటు జరుగు. ఇలా గిటార్ దగ్గరికి."

"జరుగుతాను. వైర్లు కోసే ఆ కటింగ్ ప్లయర్ ఇలా ఇవ్వండి. రేడియోలు బాగుచేసేవాడి కూతుర్ని నేను. మీరు చెయ్యకపోతే నేనే చేస్తాను."

"వద్దు. ఆగు. ఆగమన్నానా! ఇంకాసేపు మాట్లాడుకుందాం."

"ఏంటీ? మాట్లాడుకుందామా? పెళ్ళయ్యాక మీ నోటంట ఈ మాట రావడం ఇదే మొదలు!"

"అందుకే చెప్తున్నా. ఏదో ఒకటి చెప్పు. తిట్టు. అమ్మాయి ఇంకా ఏమంది? అన్నీ వివరంగా చెప్పు."

"కోశాక తీరిగ్గా చెప్తాను. చెయ్యి తీయండి."

"కొయ్యకే, నా మాట విను..."

"చెయ్యి తీయండంటున్నానా! ఆ... అయిపోయింది. రెండోదీ కోశాను. చూశారా, ప్రాణమేం పోలేదు. దీనికేనా ఇంత రాద్ధాంతం? ఇక ఐదు నిమిషాల్లో కొత్తవి అతికిస్తాను. ఈలోగా ఒక మాట చెప్తా, నెత్తికెక్కించుకోకండి. కీబోర్డ్ ఆయన ఆ జులపాలవాడి సంగతి ఎత్తినప్పుడు నేనేమన్నానో తెలుసా? మా ఆయన ఎక్కని స్టేజీ నేనూ ఎక్కనన్నాను. ఆ గిటార్ ఈలేసినా, కూతేసినా, ఆయన పక్కనుంటేనే నాకు గొంతు పెగులుతుందన్నాను. అందరూ నోరెళ్ళబెట్టారు. మీ ముందు ఈ మాట చచ్చినా అనకూడదనుకున్నా. ఏమిటోలెండి, ఇవాళ మీరు ఇంతసేపు మాట్లాడేసరికి మనసు ఆగలేదు. ఏంటండీ, అలా చూస్తారు? ఇంత మాటంటే ఒక్క నవ్వైనా లేదే? ఏమండీ... మిమ్మల్నే!"

"నీ పెదాలు కదులుతున్నాయి, అంతే. ఆ పాతవే మళ్ళీ అతికించవే. పొద్దుట్నుంచీ నీ మాటలు నాకు వినపడుతున్నది వాటిలోంచే."