పెంపుడు దొంగ

కంప్యూటర్లని వైరస్‌ల నుంచి కాపాడే సాఫ్ట్‌వేర్ అమ్మే వాళ్ల కంపెనీ కొత్తగా తీసుకున్న పై అంతస్తు. కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. రంగులు వేసేవాళ్లు భోజనానికి వెళ్లిన సమయం చూసి, తమ్ముడు అక్కని అక్కడికి రమ్మన్నాడు.

“తలుపు వేశావా?”

“వేశానక్కా. గడియ కూడా పెట్టాను. నీ ఫోను?”

“కింద బల్ల మీదే వదిలేశాను. వదిలేసి రమ్మన్నావుగా. ఏంట్రా ఈ దాగుడుమూతలు? ఆ కళ్లేంటి, ఏడ్చావా?”

“ఏడవలేదు. పొద్దున్నుంచీ ఆస్పత్రిలోనే ఉన్నాను. మండుతున్నాయి, అంతే.”

“ఆస్పత్రి సంగతి తెలుసు. మీ బావ చెప్పారు. ఏదో వైరస్ పడిందట, మనవాళ్లని పంపమన్నారట.”

“బావకి అప్పుడే తెలుసా?”

“తెలియకేం? వారం రోజులుగా వాళ్ల చుట్టూ తిరుగుతున్నది ఆయనేగా.”

“అదే అక్కా. నేను చెప్పేదీ అదే.”

“ఏది?”

“ముందు నువ్వు కూర్చో.”

“నిలబడే వింటాను. చెప్పు.”

“నేను వెళ్లేసరికి ఆస్పత్రి సంతలా ఉంది. అక్కడ కంప్యూటర్లు చూసే పెద్దాయన మెట్ల దగ్గరే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు, మళ్లీ వదల్లేదు. ఏ తెర ముట్టుకున్నా తాళం బొమ్మే వస్తోందట. రోగుల వివరాలన్నీ లోపలే ఉండిపోయాయి. ఒకావిడని ఆపరేషన్ బల్ల ఎక్కించి, రక్తం గ్రూపు చూద్దామంటే కనపడక దింపేశారట. డయాలసిస్‌కి వచ్చినవాళ్లు బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరికి ఏ మందు ఎంతెయ్యాలో చెప్పే దిక్కు లేదు. ఒక నర్సు గోడ మీద చాక్‌పీసుతో పేర్లు రాసుకుంటోంది.”

“ఎవరి ప్రాణం మీదికీ రాలేదుగా?”

“ఇంకా రాలేదు. సాయంత్రం దాకా ఇలాగే ఉంటే వస్తుందని డాక్టరమ్మ నా మొహం మీదే అనేసింది. నేనే చేసినట్టు చూసింది. నిజంగానే నేను చేసినట్టే అయ్యిందక్కా.”

“పిచ్చి మాటలు మాట్లాడకు.”

“ఆ వైరస్‌ని విప్పి చూశాను. అది మన దొంగపిల్లి.”

“ఏ పిల్లి?”

“ఏ పిల్లేంటక్కా? సైకిల్ షాపు పైన అద్దెగదిలో మనం ముగ్గురమే ఉన్న రోజుల్లో నేను రాసిన ప్రోగ్రాం. తాళం చేసేవాడికి కన్నం వెయ్యడం కూడా తెలియాలని, మన కాపలా గట్టిగా ఉందో లేదో చూసుకోడానికి. లోపలికి దూరడం, తలుపులన్నీ బిగించెయ్యడం, నేను పెట్టిన రహస్యం మాట కొడితే అన్నీ విప్పేసి వెనక్కి రావడం. దానికి తెలిసింది అంతే. బయటికి పోతే కొంప మునుగుతుందని తాళం వేసి ఉంచాం.”

“సరిగ్గా చూశావా? అలాంటివి లోకంలో సవాలక్ష ఉంటాయి.”

“లోపల ‘గుండుసూది’ అని ఉంది. మన లెక్కల మేష్టారికి మనం పెట్టిన పేరు. లోకంలో ఇంకెవడు రాస్తాడక్కా అది? నేను చేసిన పొరపాటు కూడా చేసినచోటే ఉంది. కన్నబిడ్డని గుర్తుపట్టనా?”

“ఎవరికి చెప్పావు?”

“ఎవరికీ చెప్పలేదు. ముందు నీకే.”

“ఆ పెద్దాయనకి?”

“లేదంటున్నాగా.”

“ఉష్... మెట్ల మీద ఎవరో వస్తున్నారు.”

“వెళ్లిపోయారులే. నువ్వెందుకక్కా అంత బెదిరావు?”

“నువ్వు బెదిరిస్తుంటే బెదరనా? అవున్రా, నీ చేతిరాతే అంటున్నావు. రేపు పోలీసులు విప్పినా అదే కనపడుతుంది కదా. నువ్వే అనుకుంటారు.”

“అందుకే నీ ఫోను కూడా కిందే వదిలేసి రమ్మన్నాను. అక్కా, నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావా?”

“ఛ. నేనెందుకనుకుంటాను? అడిగానంతే.”

“దాన్ని దాచినచోటు ముగ్గురికే తెలుసు. నాకు, నీకు, బావకి. నేను తియ్యలేదు.”

“అంటే? ఏంట్రా నువ్వనేది?”

“కోప్పడకు. మొత్తం వినేదాకా కోప్పడకు.”

“కోప్పడట్లేదు. చెప్పు.”

“మొదట్లో మనల్ని పలకరించిన నాథుడు లేడు. ఎక్కడికెళ్లినా టీ ఇచ్చి పంపించేవాళ్లు. మా దగ్గరేముందండీ, మా మీదికి ఎవడొస్తాడండీ అనేవాళ్లు. బావ తిరిగి తిరిగి వచ్చి చెప్పులు మూలకి విసిరేసి, ఇల్లు అంటుకుంటే తప్ప ఎవడూ బావి తవ్వడు అనేవాడు. అలా అంటుండగానే బట్టల దుకాణాలవాళ్ల బిల్లుల మిషన్లన్నీ ఒక్కసారి బిగుసుకుపోయాయి. బావ అప్పటికే వాళ్ల ఆఫీసులో కూర్చుని ఉన్నాడు. మనం వెళ్లాం, విడిపించాం, వాళ్లు దణ్ణం పెట్టి మరీ మన సరుకు తీసుకున్నారు. ఆ తర్వాత కాలేజీ. ఆ తర్వాత బస్సుల కంపెనీ. గండం వచ్చేచోటికల్లా బావ ముందే చేరేవాడు. ఆయన అడుగుపెడితే వైరస్ కూడా వెనకే వస్తుందని మన ఆఫీసు కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను. గది పోయి ఆఫీసు వచ్చింది, ఆఫీసు మీద ఈ అంతస్తు వచ్చింది. సోమవారం ఈ కుర్చీలన్నీ నిండిపోతాయి. ఇదంతా ఎలా పెరిగిందని ఒక్కనాడైనా అనుకున్నామా?”

“సరుకు మంచిది కాబట్టి పెరిగింది. నువ్వు రాసిన సరుకు.”

“ఇన్నాళ్లూ నేనూ అదే నమ్ముకున్నాను.”

“మరి అప్పుడెందుకు గుర్తుపట్టలేదు నీ పిల్లిని?”

“లోపల వెతికి చూసేసరికి జాడ ఉండేది కాదు. మన సరుకు ఎక్కించగానే తలుపులు తెరుచుకునేవి, అది మాయమయ్యేది, మన సరుకే తరిమేసిందనుకున్నాను. పని కాగానే దాన్ని వెనక్కి పిలిచేసేవాళ్లన్నమాట. ఈసారి ఎందుకో పిలవలేదు. అక్కడే కూర్చుంది. బావే తీశాడక్కా.”

“ఆయన నిన్ను కొడుకులా చూశార్రా.”

“చూశాడు. జ్వరమొస్తే నా పక్కనే పడుకున్నాడు. కాదన్నానా? అందుకే పోలీసుల దగ్గరికి పోకుండా నీ దగ్గరికొచ్చాను. నీ పిల్లలిద్దరూ కళ్లల్లో మెదులుతుంటే స్టేషన్ ముందు నుంచే బండి తిప్పుకొచ్చేశాను.”

“స్టేషన్ దాకా వెళ్లావా?”

“వెళ్లాను. లోపలికి వెళ్లలేదు.”

“వెళ్లకు.”

“వెళ్లను. కానీ నువ్వొకటి చెయ్యాలి. బావని అడగడానికి నాకు నోరు రాదు. నువ్వడుగు. తిట్టు, బతిమాలు, నీ ఇష్టం. ఎందుకు చేశాడన్నది తర్వాత తేల్చుకుందాం. ముందు దాన్ని ఆపమను.”

“రాసింది నువ్వేగా. నువ్వు ఆపలేవా?”

“ఆ రహస్యం మాట మార్చేశారు. నేను పెట్టింది కొడితే పలకట్లేదు. మార్చినవాళ్లకే తెలుస్తుంది కొత్తది. కిందికెళ్లి బావకి ఫోన్ చెయ్యి. ఒక్క మాట కొడితే ఆస్పత్రి మొత్తం తెరుచుకుంటుంది. ఆ బెంచీల మీద వాళ్లని నువ్వు చూడలేదక్కా. ఒక ముసలాయన నన్ను డాక్టరనుకుని లేచి నిలబడ్డాడు.”

“మీ బావని అడిగి లాభం లేదు.”

“ఎందుకు లేదు? నువ్వడిగితే ఏదీ కాదనడు.”

“కాదనరు. కానీ నేనేం అడుగుతున్నానో ఆయనకి అర్థమే కాదు. ఫలానా చోటికి వెళ్లి కూర్చోమంటే వెళ్లి కూర్చుంటారు. మెయిల్‌కి జవాబివ్వాలన్నా నేను పక్కన ఉండాలి.”

“...అక్కా?”

“నీ పని మూలన పడి మట్టి కొట్టుకుపోతుంటే చూడలేకపోయాన్రా. బట్టలవాళ్లకి ఒక్కపూట. బస్సులవాళ్లకి ఒక్కరోజు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడ కూడా బిల్లుల గదికే పంపాను. వార్డుల వైపు పొమ్మనలేదు.”

“అయితే ఆపు. నీకు తెలుసుగా కొత్త మాట. ఆపక్కా.”

“తెల్లారినప్పటి నుంచీ ఆ మాటే కొడుతున్నాన్రా. వినట్లేదు.”