అరవై మూడో గడి

మధ్యాహ్నం. కంప్యూటర్లు బాగుచేసే ఇరుకు దుకాణం. ఫొటో స్టూడియో నడిపే అన్న భార్య, మోసుకొచ్చిన కంప్యూటరు పెట్టెను తమ్ముడి బల్లమీద దించింది. అతను మూత విప్పి చూశాడు.

"డిస్కు పాడవలేదు వదినా. లోపల దుమ్ము కూడా లేదు. తీసుకెళ్ళిపో."

"పాడవకపోతే ఒక్క ఫొటో సేవ్ అవడానికి అంతసేపెందుకు? బొత్తాం నొక్కి, లోపలికెళ్ళి పొయ్యిమీద పాలు దించి వస్తా. తెరమీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది."

"తిరగనీ."

"తిరగనీ ఏంటి? దీన్ని నడిపించే లినక్సు ఎక్కించింది నువ్వే కదా మరిదీ."

"నేనే. కొత్త డిస్కు మీద. ఎనిమిది నెలలైంది."

"ఎనిమిది నెలల నుంచీ ఇదే తంతు."

"అవును. మొదటి రోజు నుంచీ."

"నవ్వుతావేం?"

"నవ్వట్లేదు. అన్న ఏమంటున్నాడు?"

"ఏమంటాడు. ఆల్బమ్ కోసం వచ్చినవాళ్ళు బెంచీమీద కూర్చుని కూర్చుని లేచిపోతున్నారు. ఈ నెల్లో ముగ్గురు ఎదురు స్టూడియోకి పోయారు. స్కూలు వాళ్ళ ఫొటోల పని కూడా పోతే ఇక షట్టరు దించడమే."

"బాగుంది."

"ఏం బాగుంది?"

"నా పనితనం. కూర్చో, చెబుతా. డిస్కులో గళ్ళుంటాయి. ఇప్పటి డిస్కుల్లో ఎనిమిదేసి గళ్ళు కలిసి ఒక గది. లినక్సు ఎక్కించేటప్పుడు ఏ గడి నుంచి మొదలుపెట్టాలో మనం చెప్పాలి. ఎనిమిదితో భాగిస్తే శేషం రాని అంకె చెబితే, ఫొటోలో ఒక్కో ముక్క ఒక్కో గదిలో కుదురుగా కూర్చుంటుంది. అందరూ రెండువేల నలభై ఎనిమిది పెడతారు."

"నువ్వు?"

"అరవై మూడు."

"పొరపాటునా?"

"పాత డిస్కులకి అదే లెక్క. అలవాటు కొద్దీ పడిందని చెప్పుకోవచ్చు."

"లోకానికి చెప్పుకో. నాకు నిజం చెప్పు."

"తెలిసే పెట్టా. అరవై నాలుగుకి ఒక్క గడి ముందు. దాంతో ప్రతి ముక్కా రెండు గదుల్లో చెరో కాలు పెడుతుంది. ఒక్కటి రాయాలంటే డిస్కు రెండు గదులూ చదవాలి, రెండూ తిరగరాయాలి. ఎవడూ తప్పు పట్టలేడు. మిషను నడుస్తుంది. కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుంది."

"కడుపులో ఇంత పెట్టుకున్నావా."

"పెట్టుకోనా? అప్పట్లో మీ స్టూడియోలో ఆ పెళ్ళి ఫొటోలు చెరిపేసిందెవరు వదినా? ఖాళీ డిస్కనుకుని నిండు డిస్కుని తుడిచేసిందెవరు? పెళ్ళికూతురి తండ్రి వచ్చి అడిగితే, మా తమ్ముడి నిర్వాకం అని అన్న నా వైపు వేలు చూపించాడు. ఆ పెద్దాయన నా చొక్కా పట్టుకుంటే అన్న చూస్తూ నిలబడ్డాడు. నువ్వూ అక్కడే ఉన్నావు."

"ఉన్నా."

"నోరు విప్పావా?"

"లేదు."

"ఆ తర్వాత మూడేళ్ళు ఒక్కడూ నా చేతికి డిస్కు ఇవ్వలేదు. మీటలూడిన కీబోర్డులు అతికించుకుని బతికా. ఇప్పుడు అన్నని రమ్మను. ఆ పెళ్ళివాళ్ళ ముందు, చెరిపింది నేనే అనమను. ఫొటోలన్నీ పక్కకి తీసి, మొదలు సరిచేసి మళ్ళీ ఎక్కిస్తా. ఒక పూట పని."

"రాడు. నీకు చూపించే మొహం లేదు ఆయనకి."

"అయితే ఈడ్చుకోమను. షట్టరు దించే రోజు కబురు పెట్టు, వచ్చి చూస్తా. ఎందుకిలా అయిందో మాత్రం ఆయనకి జన్మలో తెలీకూడదు. అదీ నాక్కావాల్సింది."

"ఆయనకి తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు ఎక్కించి వెళ్ళిన మర్నాడే చూశాడు. తెరమీద ఆ అంకె మీద వేలు పెట్టి చూపించాడు. ఏంటని అడిగితే, నువ్విప్పుడు చెప్పిందంతా అప్పుడే చెప్పాడు. నీ నోట వినాలనే ఇందాక అడిగా."

"తెలిసి... ఎనిమిది నెలలు దాని ముందే కూర్చున్నాడా?"

"కూర్చున్నాడు. సరిచేయమని ఎన్నిసార్లు బతిమాలానో."

"చేయడం రాక నా దగ్గరికి పంపాడన్నమాట."

"ఆయన పంపలేదు, నేనొచ్చా. చేయడం ఆయనకీ వచ్చు మరిదీ. ఈ శిక్ష ఇక చాలని నువ్వు అనేదాకా ముట్టుకోనంటున్నాడు."