లూనా మీద నక్షత్రం

ఏటన్నావు ప్రవీణూ? ఆ తుప్పు లూనాని పాత ఇనుం కొనీ కబాడీవోడికి ఇచ్చీయొచ్చు కదా అనా? మెల్లగా మాటాడు బాబూ, లోపల శాంతమ్మ వదిన ఉంది. ఇన్నాదంటే నీకే కాదు, పక్కింటోణ్ని, నాకూ టీ బందైపోద్ది. కొత్తగా మేడ మీద అద్దెకి దిగినోడివి, నీకేటి తెలుసు. కూకో. ఆ బండి అచ్చయ్యది, వదిన మొగుడు. ఆడు పోయి శానా ఏళ్లయింది. ఇద్దరం రైల్వే షెడ్డులో ఫిట్టర్లం. ఫిట్టరంటే నాను ఫిట్టర్ని, ఆడు నా పక్కన నిలబడీవోడు అనుకో. నాను ఇంజినుకి చెవి ఆనిస్తే సాలు, దానికి జొరమో జలుబో సెప్పీసీవోణ్ని. పెద్ద సాబులు బిలాస్‌పూర్ నుంచొచ్చి సూసెల్లీవోరు నన్ను. నవ్వకు.

సరే, అచ్చయ్య. ఆడికి దేవుడు లేడు. కన్నోళ్లు హిందువులు, కట్టుకున్నది క్రిస్టియన్ నర్సు, ఆడు మాత్రం దసరాకీ దండం పెట్టడు, క్రిస్మస్‌కీ పెట్టడు. అలాగని మనల్ని తిట్టడు. పండగొస్తే అందరి డూటీ ఆడే సేసీవోడు. ‘ఎల్లండ్రా, మీ దేవుళ్లు ఎదురుసూస్తారు’ అనీవోడు. ఒక్క కాడే పేచీ. సర్కారీ గోడకి దేవుడి పేరన మేకు కొట్టకూడదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు, మా కాలనీలో వినాయకుడి పందిరి ఏయించాను. ఎంత పందిరనుకున్నావ్? ఎన్నో టేసన్ల అవతల తిల్దాలో నిలబడితే కనపడీది! దాని తాళ్లకి పంపు గది గోడకి మేకులు కొట్టాం. అచ్చయ్య వచ్చీసాడు. ‘ఇప్పు మల్లేశూ.’ ‘ఎందుకిప్పాల?’ ‘ఇది నీళ్ల గదిరా. బక్రీదుకీ ఇదే నీళ్లిస్తాది, క్రిస్మస్‌కీ ఇదే ఇస్తాది. నువ్వు మైదానంలో గుంజలు పాతుకో, పండగవగానే పీకీ. నానూ పాతుతాను.’ నిజంగా గునపం అట్టుకొచ్చి పాతాడు బాబూ, నా వినాయకుడికి, ఆ నాస్తికుడు! నాకు ఒళ్లు మండిపోయింది. మేకులు పీకుతా, ‘డిసెంబర్ రానీ. నీ ఇంటికి నక్షత్రం ఎక్కడ కడతావో సూస్తాం’ అన్నాను. కుర్రోళ్లు గొల్లుమన్నారు.

ఆ యేడే వదిన తల్లి పోయింది. ఆ తల్లి ఏటేటా ఇంటి ముందు కట్టీ నక్షత్రం ఈవిడ సేతికొచ్చింది. గుడ్డ సిరిగిపోతే పండరీ బట్టల బజారుకెల్లి ఎర్రగుడ్డ తెచ్చి కుట్టుకుంది. ‘మేకు కొట్టు’ అంది. ‘క్వార్టరు సర్కారుది శాంతా.’ ‘నక్షత్రం మా అమ్మది. నువ్వు మొక్కొద్దు, మేకు కొట్టు సాలు.’ ‘మల్లేశు సేత పీకించి నాను కొడితే ఎలాగే?’ వదిన మరి దెబ్బలాడలేదు. నక్షత్రాన్ని మంచం మీద పడుకోబెట్టి తను కింద పడుకునీది. ఆడి టిఫిన్ డబ్బాలో ఉత్త అన్నం. కూర నా డబ్బాలోంచి తినీవోడు. నాకే జాలేసి, ‘కట్టీరా, నానేటీ అనను’ అన్నాను. ‘నువ్వనవులే. నాకు నాను అనుకోవాల కదా’ అన్నాడు. ఎదవ బుర్ర! కాలనీలో క్రిస్టియన్ ఇళ్లన్నీ ఎలుగుతున్నాయి, వదిన గుమ్మం ఒక్కటే సీకటి.

ఓ సాయంత్రం డూటీ నుంచొచ్చి సూద్దును కదా, రోడ్డు మీద లూనా! హేండిలుకి ఎదురుబొంగు, దాని మీద నక్షత్రం. ‘బండి నాది, నా పేరున ఉంది, సర్కారుకేటి’ అన్నాడు. నాను ఊరుకుంటానా? ‘రోడ్డెవడిదిరా?’ ‘రోడ్డు మీద అందరం పోతాం. దానికి మేకు కొట్టానేటి?’ ‘మరి కరెంటు? క్వార్టరు తీగే కదా!’ ఇదుగో, అక్కడే నా తడాఖా. ఆడి బుర్రకి తట్టిందంటారు, నమ్మకు, నాదే. ఎనక చక్రానికి సైకిల్ డైనమో కట్టాం. లూనాకి పెడళ్లుంటాయి కదా? స్టాండేసి తొక్కితే ఎలుగుద్ది, మానీస్తే ఆరిపోద్ది. ఇంకేటుంది, రోజూ సీకటి పడగానే అచ్చయ్య లూనా ఎక్కి ఒకటే తొక్కుడు. ఎక్కడికీ ఎల్లడు, సెమటలు కారిపోతుంటాయి. గూడ్సు డ్రైవరొకడు ఎర్ర సిగ్నలనుకుని బండాపీసాడు, నా కళ్లతో సూసాను. మా గార్డు పాండే వచ్చి, ‘అరే దాదా, ఆప్ తో భగవాన్ కో నహీ మాన్‌తే!’ అంటే, ‘నహీ మాన్‌తా. ఘర్‌వాలీ మాన్‌తీ హై’ అని తొక్కుతానే ఉన్నాడు. దేవుణ్ని నాను నమ్మను, ఇంటిది నమ్ముద్ది అనడం. వదిన గుమ్మంలో నిలబడి సూసీది. మర్నాడు ఆడి డబ్బాలో సేపల కూర. నాకు ముక్క ఎయ్యలేదు సుమా.

రిటైరయ్యాక, ఈ తెలీబంధా పేటలో ఈ ఇల్లు కట్టాడు. గోడ తడారిందో లేదో, తనే మేకు కొట్టాడు. అదిగో, కిటికీ మీద. పక్కనే స్విచ్చి. ‘శాంతా, ఇది నీ గోడ’ అన్నాడు. ఆ డిసెంబర్ రాకుండానే పోయాడు. పండక్కి నాను నిచ్చెనేసుకుని ఆ మేక్కి నక్షత్రం తగిలించబోతే వదిన వద్దంది. ‘అక్కడైతే స్విచ్చేస్తే ఎలుగుద్ది మల్లేశూ. ఆయన తొక్కితే ఎలిగీది.’ అప్పట్నుంచి తొక్కీది ఎవడనుకున్నావ్? నానే. వినాయకుడి పందిరోణ్ని! ఈ యేడు మోకాలు వంగనంటాంది, వదినకి ఇంకా సెప్పలేదు...

అదిగో, నక్షత్రం అట్టుకొస్తాంది. కబాడీ మాట ఎత్తకు. ఆ వదినా, ఇలాగ తే, నాను కడతాను. మన ప్రవీణు సెప్పుల్లేకుండా వచ్చీసాడు, సలిగా ఉందంట, కాస్త ఒళ్లు ఏడెక్కాలంట. ఏటి సూస్తావురా? బండెక్కు. మెల్లగా, మెల్లగా.