తిప్పక్క ఏరిన గుండ్లు

ఊరికి పడమట పూడ్చిన బావి ఉండాది చూడు, ఆ పక్క గొర్రెలు గూడ మేయవు, మీరు గూడ చుట్టు తిరిగి పోతారు, అట్లాంటిది మీలో ఒకడు పొద్దున నా ముందరే ఆ బావి పక్క బీడు ట్రాక్టరు పెట్టి దున్నుతానంటాడా? కూచో నాయనా, యాడికి లేస్తావు, విని పో.

ఆ చేను తిప్పక్కది. మొగుడు పోయినాడు, ఒక్కతే కూతురు, చేనంతా రాతి గుండ్లే, మడక కడితే కర్రు నిలిచేది కాదు, అయినా ఆయమ్మ ఇరవై ఏండ్లు గంపతో ఏరి ఏరి బావి పక్కన కుప్పేసింది. చేను నున్నగా అయినాక మరిది సుంకన్న వచ్చి, ఇది మా అన్నది, ఆడదానికి చేనేంది అన్నాడు, పంచాయితీలో పెద్దమనుషులు తలకాయలూపినారు. ఊపినోళ్ళలో మీ తాతలుండారు, పేర్లు చెప్పమంటే చెప్తా.

మర్నాటికి తిప్పక్క కనపడలే. గంప బావి ఒడ్డునుండాది. సుంకన్న ఏమన్నాడు? వదిన ఎటో పోయింది, బావిలో పశువులు పడతాయి, పూడ్చేద్దాం రాండి అన్నాడు. ఒక్కరన్నా లోపలికి తొంగి చూసినామా? ఆయమ్మ ఏరిన గుండ్లే తెచ్చి దాంట్లో పోసినాము. నేనూ రెండు గంపలు పోసినా, నా చేతులిరిగిపోను.

తర్వాత పదైదేండ్లు బీడే. సుంకన్నకే అటు పోను ధైర్యం చాల్లే. అయితే సర్వేవాళ్ళొస్తారు, సాగు చేసేవాళ్ళ పేరే రాస్తారు అని తెలిసి, తిప్పక్క కూతురు ఎల్లమ్మ యాడ అడ్డమొస్తుందోనని, చిన్న ట్రాక్టరు తెచ్చి పొద్దున్నే దిగినాడు. నేను పక్క చేలో కంప కొడతాండా. ఒక చాలన్నా పోయిందో లేదో ఠంగుమని గుండు, దిగి పారేసినాడు, మళ్ళా ఇంకోటి, మళ్ళా ఇంకోటి, ఏరిన చేలో ఇన్ని గుండ్లు యాడివి? అవీ తడిగా, పాచి పట్టి. వాన పడి నెలయింది మరి, తడి యాడిది? సుంకన్న బావి పక్క చూసినాడు, నేనూ చూసినా. పూడ్చిన బావి మూరెడు దిగిపోయింది. చేలో లేచినన్ని గుండ్లు బావిలో తగ్గుతాండాయి.

ఇంక ట్రాక్టరు వదిలేసి, గుండ్లు ఎత్తుకోని పోయి బావిలో వేసేదే పని. పది వేస్తే ఎనక ఇరవై లేస్తాండాయి. వచ్చేయి సుంకన్నా అని నేనరిస్తే ఏడుస్తా చెప్పినాడు:

"పూడ్చకపోతే బయటికొస్తాది గదమ్మా."

తిండి లేదు, నీళ్ళు లేవు, గోర్లూడినాయి, మూడోనాడు సర్వేవాళ్ళొచ్చేసరికి బావి ఒడ్డున గుండు కౌగిలించుకోని చచ్చి ఉండాడు. ఆయప్ప చచ్చినాక గుండ్లు లేచేది గూడ నిలిచిపోయింది.

సాగు చేసేవాళ్ళెవరూ లేరు గదా, వారసురాలని చేను ఎల్లమ్మ పేరున రాసినారు. దున్నుకోమ్మా అని ఊరంతా పోయి చెప్తిమి. ఆ పిల్ల ఒకటే మాటనింది.

"ముందు మా అమ్మను బయటికి తీయండి, తర్వాత మడక కడతా."

పూడ్చను నలభై మంది పోయినాము, తీయను ఒక్కరు కదల్లే. నేనూ కదల్లే, నా మీద నాకు ఆ కోపం ఈపొద్దుకూ చల్లారలే. ఏం నాయనా, ట్రాక్టరు పెడతానంటివే, ముందు గడ్డపార తీసుకోని ఆ బావిలోకి దిగుతావా? దిగవు. అయితే నోరు మూసుకోని నీ చేను నువ్వు దున్నుకో, ఆ పక్కకు పోవాకు.